బరువు తగ్గే దారిలో లక్ష్యం మార్చుకోవాల్సి వస్తే: ఎప్పుడు, ఎలా, ఎంతవరకు

మూడు నాలుగు నెలలు బాగానే సాగుతుంది. పొద్దున్నే నడక, రాత్రి అన్నం తగ్గించడం, టీలో పంచదార మానేయడం. ఆరేడు కిలోలు తగ్గుతాయి. తర్వాత వెయింగ్ మెషిన్ మీద అంకె కదలదు. మొదట్లో మనసులో పెట్టుకున్న అంకె ఇంకా ఇరవై కిలోల దూరంలో ఉంటుంది. "ఇంత చేసినా ఇంతేనా" అని ఒక సాయంత్రం అనిపిస్తుంది. మర్నాడు నడక మానేస్తారు, ఆ తర్వాత వారం కూడా. తగ్గిన కిలోలు మెల్లగా వెనక్కి వస్తాయి.

ఇక్కడ ఓడిపోయింది మనిషి కాదు, కొలబద్ద. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గ్యారీ ఫోస్టర్, థామస్ వాడెన్ బృందం ఈ సంగతిని 1997లోనే చూపించింది. స్థూలకాయం ఉన్న 60 మంది మహిళలను చికిత్సకు ముందు కొన్ని అంకెలు రాయమన్నారు: కలల బరువు, సంతోషపెట్టే బరువు, పరవాలేదనిపించే బరువు, నిరాశపరిచే బరువు. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం సగటున ఉన్న బరువులో 32 శాతం తగ్గడం. 48 వారాల చికిత్స తర్వాత సగటున 16 కిలోలు తగ్గారు. ఏ డాక్టరైనా సంతోషించే ఫలితం అది. అయినా 47 శాతం మంది తాము 'నిరాశ' అని రాసుకున్న బరువుకు కూడా చేరలేదు.

దీన్ని చూసి "చిన్న లక్ష్యమే పెట్టుకోండి" అని సలహా ఇవ్వడం తేలిక. విషయం అంత తేలిక కాదు. ఇటలీలోని స్థూలకాయ చికిత్సా కేంద్రాల్లో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. ఎక్కువ ఆశ పెట్టుకున్నవాళ్లు మధ్యలో మానేసే అవకాశం ఎక్కువని అందులో తేలింది. ఇంకోవైపు, స్థూలకాయంపై ప్రచారంలో ఉన్న అపోహల గురించి 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన సమీక్ష "పెద్ద లక్ష్యం పెట్టుకుంటే తక్కువ తగ్గుతారు" అన్న మాటను కూడా అపోహల్లోనే చేర్చింది. పెద్ద లక్ష్యం పెట్టుకుని ఎక్కువ తగ్గినవాళ్లూ ఉన్నారు మరి.

నాకు అర్థమైనంతవరకు, లక్ష్యం పెద్దదా చిన్నదా అన్నదానికన్నా దాన్ని ఏ రోజు, ఏ స్థితిలో, దేని ఆధారంగా మారుస్తున్నామన్నదే ముఖ్యం. ముందే ఒప్పుకున్న పద్ధతి ప్రకారం మార్చుకుంటే అది సర్దుబాటు. చిరాకులో, రాత్రి పదిగంటలకు, పండగ మర్నాడు మార్చుకుంటే చాలావరకు అది వదిలేయడమే, పేరు మాత్రం వేరు. ఆ పద్ధతిని మెట్టు మెట్టుగా చూద్దాం.

అర్థం కావడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. లక్ష్మి, 43 ఏళ్లు, ఖమ్మంలో స్కూల్ టీచర్. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పారు. కుడి మోకాలు నొప్పి. జూలైలో మొదలుపెట్టింది. లక్ష్యం 58 కిలోలు.

1. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి

58 ఎందుకు? అది లక్ష్మి పెళ్లినాటి బరువు. చాలామంది లక్ష్యాలు ఇలాగే వస్తాయి. పెళ్లి ఆల్బమ్ నుంచి, తోడికోడలు తగ్గిన కిలోల నుంచి, జిమ్‌లో గోడకు అంటించిన చార్టు నుంచి. తప్పేం లేదు. కానీ అంకె పుట్టిన చోటు తెలియకపోతే, రేపు దాన్ని మార్చాల్సి వచ్చినప్పుడు ఏం పోతోందో, ఏం మిగులుతోందో తెలియదు.

ఒక కాగితం మీద అంకె రాసి, దాని కింద "ఇది వస్తే నా రోజులో ఏం మారుతుంది?" అని రాయండి. కనీసం నాలుగైదు జవాబులు వచ్చేదాకా ఆగకండి. మొదటి రెండు జవాబులు అందరూ చెప్పేవే ఉంటాయి: ఆరోగ్యం, అందం. మూడో జవాబు దగ్గర్నుంచి అసలువి బయటపడతాయి. లక్ష్మి రాసినవి చూడండి: స్కూల్లో రెండో అంతస్తు క్లాసుకు ఆయాసం లేకుండా వెళ్లాలి. అమ్మలాగా యాభై ఏళ్లకే షుగర్ మాత్రలు మొదలుపెట్టకూడదు. కింద కూర్చుని లేవగలగాలి. పెళ్లి పట్టుచీర బ్లౌజు పట్టాలి. ఫోటోల్లో వెనక వరసలోకి జరగకుండా ఉండాలి.

ఇప్పుడు ఒక్కోదాని పక్కన, ఇది జరగడానికి 58 కిలోలే కావాలా అని అడగండి. మెట్లకు, మోకాలికి, షుగర్‌కు 58 అక్కర్లేదు. బ్లౌజుకు కావాలి. ఫోటోలో ముందు నిలబడడానికి ఏ అంకే అక్కర్లేదేమో, అది వేరే పని. ఈ కాగితాన్ని దాచుకోండి. తర్వాత లక్ష్యాన్ని మార్చే ప్రతిసారీ ఇదే ముందుకు తీయాలి. అంకె మారవచ్చు, ఈ జాబితాలో ఉన్నవి ఊరికే కొట్టేయడానికి వీల్లేదు.

2. ఒక్క అంకె చోట మెట్లు, మెట్టు చోట పరిధి

అమెరికాలో మధుమేహ నివారణపై జరిగిన పెద్ద పరిశోధనలో 3,234 మంది పాల్గొన్నారు. ఫలితాలు 2002లో వచ్చాయి. జీవనశైలి మార్చుకునే బృందానికి ఇచ్చిన లక్ష్యం ఉన్న బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. అంతే. ఆ బృందంలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. లక్ష్మికి 7 శాతం అంటే ఆరు కిలోలకు కాస్త తక్కువ. 84 నుంచి 78కి వస్తే చాలు, ఆమె జాబితాలో రెండో అంశానికి గట్టి మేలు మొదలవుతుంది.

కాబట్టి మెట్లు ఇలా వేసుకోవచ్చు. మొదటి మెట్టు 5 శాతం, రెండోది 10 శాతం. లక్ష్మికి అవి సుమారు 80, 76. ఆ పైన కలల అంకె ఉంటే ఉండనివ్వండి, దానికి తేదీ మాత్రం పెట్టకండి. కలను చెరిపేయమని చెప్పడం వల్ల మనసు మొండికేస్తుంది తప్ప ఉపయోగం ఉండదు.

ఒక్కో మెట్టుకు ఒకే అంకె కాకుండా పరిధి పెట్టుకోండి. "ఈ నెల 2 కిలోలు" అనే బదులు "1 నుంచి 2.5 కిలోలు". మౌరా స్కాట్, స్టీఫెన్ నౌలిస్ 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే అంకె పెట్టుకున్నవాళ్లకన్నా పరిధి పెట్టుకున్నవాళ్లు ఆ ప్రయత్నాన్ని మళ్లీ కొనసాగించడానికి ఎక్కువగా ముందుకొచ్చారు. కింది కొస అందుతుందన్న ధైర్యం ఇస్తుంది, పై కొస ఊరిస్తుంది. ఒకే అంకెకు ఈ రెండు పనులూ చేతకావు.

3. చేతిలో ఉన్నవి, లేనివి వేరు చేయండి

వెయింగ్ మెషిన్ మీద కనిపించే అంకె మన చేతిలో లేదు. నడక, గరిటె, నిద్ర, నూనె మన చేతిలో ఉన్నాయి. లక్ష్యాల్లో కనీసం సగం రెండో రకానివి ఉండాలి.

దీనికి మన పక్కనే ఒక మంచి ఉదాహరణ ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ బోర్డర్‌లో ఉన్న 531 మందితో చేసిన భారతీయ మధుమేహ నివారణ పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. తిండి, వ్యాయామం మార్చుకున్న బృందంలో మూడేళ్లలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. విశేషం ఏమిటంటే, వాళ్లలో బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. బరువు తగ్గలేదని ఆ మనుషులు ఆరు నెలలకే నడక మానేసి ఉంటే ఆ మేలు పోయేది. వాళ్లు కొలిచిన చోటు వేరు, లోపల మేలు జరిగిన చోటు వేరు.

చేతిలో ఉన్న పనులను "ఇలా జరిగితే ఇలా చేస్తాను" అన్న రూపంలో రాయండి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో దీని మీద విస్తృతంగా రాశారు. "రోజూ నడుస్తాను" అన్న నిర్ణయం గాలిలో ఉంటుంది. "స్కూల్ నుంచి వచ్చి బ్యాగు పెట్టగానే, చెప్పులు విప్పకుండా, వీధి చివరి గుడిదాకా వెళ్లి వస్తాను" అన్నది నేల మీద ఉంటుంది. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. లక్ష్యం మార్చాల్సి వచ్చినప్పుడు మొత్తాన్ని పీకేయకుండా ఏ ముక్క పనిచేయడం లేదో ఆ ముక్కనే మార్చవచ్చు.

4. నిర్ణయాలకు ఒక రోజు పెట్టుకోండి, మిగతా రోజుల్లో నిర్ణయాలు వద్దు

ఒక్కరోజు బరువును నమ్మకండి. నిన్న రాత్రి ఆవకాయ అన్నం తింటే ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. నెలసరికి ముందు కొందరికి కిలో దాకా పెరుగుతుంది. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం బాగా తగ్గించిన మొదటి వారంలో మూడు కిలోలు పోయాయని సంబరపడేది చాలావరకు ఈ నీటికే. పెళ్లి భోజనం మర్నాడు కిలోన్నర పెరిగిందని ఏడ్చేదీ దీనికే. ఆ సంబరంలో లక్ష్యం పెంచడమూ తప్పే, ఆ ఏడుపులో దించడమూ తప్పే.

పద్ధతి ఇది. వారంలో మూడు నాలుగుసార్లు పొద్దున్నే, టాయిలెట్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసుకుని వారపు సగటు రాయండి. రోజూ చూసుకుంటే టెన్షన్ పెరిగేవాళ్లు వారానికి ఒక్కసారి చాలు. నెలకొక ఆదివారం సాయంత్రం, ఇంట్లో హడావుడి లేని గంట ఒకటి పెట్టుకోండి. లక్ష్యం మారితే ఆ గంటలోనే మారాలి. పండగ, జ్వరం, ప్రయాణం, ఇంట్లో గొడవ అయిన మూడు రోజుల్లోపు ఆ ఆదివారం వస్తే వచ్చే ఆదివారానికి జరపండి.

మొదటి మెట్టు అనుకున్నదానికన్నా ముందే ఎక్కేసినా అంతే. ఉత్సాహంలో "అయితే దీపావళికే 70" అనుకోవడం సహజం. ఎక్కిన మెట్టు మీద నాలుగు వారాలు నిలబడ్డాకే పై మెట్టు గురించి ఆలోచించండి.

లక్ష్మి నోట్‌బుక్‌లో డిసెంబరు చివరి ఆదివారం పేజీ ఇలా ఉంటుంది:

"వారపు సగటు 76.9. నాలుగు వారాల కింద 77.0. నడుము 91, అప్పుడు 92.5. నడక వారానికి 5 రోజులు అనుకున్నా, అయింది 3. రాత్రి అన్నం మళ్లీ రెండు గరిటెలకు వచ్చింది. మెట్లెక్కేటప్పుడు మోకాలు నొప్పి తెలియడం లేదు. నూనె ఈ నెల 5 ప్యాకెట్లు."

బరువు ఒక్కటే రాసి ఉంటే ఈ పేజీలో వైఫల్యం తప్ప ఇంకేం కనిపించదు. నడుము, మోకాలు కూడా రాసింది కాబట్టి కథ వేరుగా ఉంది. నూనె, అన్నం కూడా రాసింది కాబట్టి తర్వాతి మెట్టుకు పని దొరికింది.

5. ముల్లు ఆగిపోతే ముందు కారణం కనుక్కోండి, లక్ష్యం సంగతి తర్వాత

బరువు నిలిచిపోవడానికి కారణాలు ఒకటి కాదు. ఒక్కో కారణానికి ఒక్కో రకం సర్దుబాటు కావాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు.

మొదటిది, నిజానికి ఆగలేదు. రెండు వారాలు కదలకపోతే ఆగినట్టు కాదు. నాలుగు వారాల సగటులు చూడండి, నడుము కొలవండి. నడుము తగ్గుతుంటే లక్ష్యాన్ని ముట్టుకోకండి.

రెండోది, మనకు తెలియకుండా పట్టు సడలింది. ఇది చాలా మామూలు సంగతి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గరిటె కొద్దిగా పెద్దదవుతుంది, పోపులో నూనె కొద్దిగా పెరుగుతుంది. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్ల నూనె ఖర్చయితే మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే దాదాపు 275 కేలరీలు. 5 లీటర్లయితే 340 దాటుతుంది. కూరలో ఎంత నూనె పడిందో ఎవరూ కొలవరు, కానీ నెలాఖరున ఖాళీ ప్యాకెట్లు లెక్కపెట్టవచ్చు. ఇక్కడ మారాల్సింది బరువు లక్ష్యం కాదు, చేతిలో ఉన్న పని. లక్ష్మికి చలికాలం పొద్దున్నే చీకట్లో నడక కుదరడం లేదు. దాన్ని సాయంత్రానికి మార్చింది. వారానికి 5 రోజులను 4 చేసింది, ఎందుకంటే శనివారం స్కూల్ అయ్యేసరికి ఆరవుతుంది. 76 అన్న మెట్టు అలాగే ఉంది.

మూడోది, ఒంటి సర్దుబాటు. బరువు తగ్గిన ఒంటికి తక్కువ కేలరీలే సరిపోతాయి. మొదట్లో తగ్గించిన తిండే ఇప్పుడు సరిగ్గా సరిపోయే తిండి అవుతుంది. పైగా ఆకలి పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో 2011లో వచ్చిన పరిశోధనలో, 10 వారాల కఠినమైన డైట్‌తో తగ్గినవాళ్లలో ఆకలికి సంబంధించిన హార్మోన్లు ఏడాది తర్వాత కూడా పాత స్థితికి రాలేదు. అమెరికాలో టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చుపెట్టే కేలరీలు ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 తక్కువ. అది విపరీతమైన పద్ధతిలో తగ్గినవాళ్ల సంగతి, మామూలుగా తగ్గేవాళ్లందరికీ అంత ఉండదు. కానీ ఇది తెలిస్తే ఒక మేలు ఉంది: "నాకు విల్ పవర్ లేదు" అన్న నింద తగ్గుతుంది. ఆకలి పెరగడం గుణంలో లోపం కాదు.

ఈ మూడో కారణం ఉన్నప్పుడు మూడు దారులున్నాయి. ఇంకొంచెం తగ్గించడం లేదా వ్యాయామం పెంచడం. ఉన్నచోట ఆరు నుంచి ఎనిమిది వారాలు నిలబడడం. లేదా బరువు మెట్టును మార్చడం. మనవాళ్లు మొదటిదే లక్ష్యం అనుకుంటారు. నిలబడడం కూడా పూర్తి స్థాయి లక్ష్యమే అని నేను గట్టిగా నమ్ముతాను. "సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా 76, 77 మధ్య ఉంటాను" అని రాసుకుని, ఉండగలిగితే అది గెలుపు. ఇంట్లో పరీక్షలు, పెళ్లిళ్లు, అమ్మకు ఆపరేషన్ లాంటివి ఉన్న నెలల్లో దీన్ని ముందే ఎంచుకోండి.

నాలుగోది, ఒంట్లో వేరే కారణం ఉండడం. థైరాయిడ్, పీసీఓఎస్ (ఆడవాళ్లలో అండాశయాలు, హార్మోన్లకు సంబంధించిన సమస్య), స్టెరాయిడ్ మందులు, కొన్ని మానసిక సమస్యలకు వాడే మందులు. అన్నీ సరిగ్గా చేస్తున్నా రెండు మూడు నెలలు ఏమీ కదలకపోతే లక్ష్యాన్ని తిట్టుకోకుండా డాక్టర్‌ను కలవండి.

6. కాలు జారిన రోజుకు ముందే చోటు ఉంచండి

నిండా మునిగినవాడికి చలేమిటి అంటారు కదా. డైటింగ్‌లో అచ్చంగా అదే జరుగుతుంది. పీటర్ హెర్మన్, డెబోరా మాక్ 1975లో చేసిన ప్రయోగంలో, తిండి అదుపులో పెట్టుకునేవాళ్లకు ముందు మిల్క్‌షేక్ ఇచ్చి తర్వాత ఐస్‌క్రీమ్ ముందుపెట్టారు. కడుపు నిండినవాళ్లు తక్కువ తినాలి. కానీ మిల్క్‌షేక్ తాగిన డైటింగ్‌వాళ్లే ఎక్కువ తిన్నారు. ఈ రోజుకు ఎలాగూ పోయింది, ఇక ఎంతైతేనేం అనుకోవడమే కారణం. సంక్రాంతికి రెండు అరిసెలు తినడం వల్ల ఎవరి బరువూ చెడదు. ఆ రెండు తిన్నాక "ఇక ఉగాది తర్వాత చూద్దాం" అనుకోవడం వల్ల చెడుతుంది.

దీనికి విరుగుడు రెండు రకాలు. ఒకటి, ముందే మినహాయింపు రోజులు రాసుకోవడం. మారిసా షరీఫ్, సుజాన్ షూ 2017లో చూపించిన సంగతి ఇది: వారంలో ఏడు రోజులూ చేయాలన్న కఠిన లక్ష్యం పెట్టుకుని, తప్పనిసరైతే వాడుకోవడానికి రెండు రోజులు చేతిలో ఉంచుకున్నవాళ్లు బాగా నెట్టుకొచ్చారు. ఏడు రోజులూ తప్పనిసరి అన్నవాళ్లకన్నా, మొదటే ఐదు రోజులు అని తేలిక చేసుకున్నవాళ్లకన్నా కూడా. లక్ష్యం అలాగే ఉంటుంది, తప్పిన రోజు లెక్కలోనే ఉంటుంది, మునిగిపోయామన్న భావన రాదు. నెలకు నాలుగు రోజులు ఇలా రాసుకోండి. భోగి, సంక్రాంతి, మేనకోడలి ఓణీల ఫంక్షన్, ఇంకొకటి ఖాళీగా.

రెండోది, తప్పాక మనతో మనం మాట్లాడే తీరు. క్లేర్ ఆడమ్స్, మార్క్ లీరీ 2007లో చేసిన ప్రయోగంలో, డోనట్ తిన్నాక "ఇది అందరూ తినేదే, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి" అన్న మాట విన్న డైటింగ్ మహిళలు, ఆ మాట విననివాళ్లకన్నా తర్వాత తక్కువ తీపి తిన్నారు. మెత్తగా మాట్లాడితే మనసు ఇంకా చెడిపోతుందన్న భయం మనలో చాలామందికి ఉంది. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా ఎదురు. మీ చెల్లెలు అదే పని చేసి వచ్చి చెబితే ఏమంటారో ఆ మాటే మీకు మీరు అనుకోండి.

7. పెద్ద అంకెను వదలాల్సి వస్తే, వదిలే పద్ధతి

మార్చి వచ్చింది. లక్ష్మి 75 నుంచి 76 మధ్య ఉంది. షుగర్ పరీక్ష బాగా వచ్చింది. ఇంకా తగ్గాలంటే రాత్రిపూట ఆకలితో పడుకోవాలి, చేసి చూసింది, క్లాసులో పిల్లల మీద చిరాకు పడుతోంది. 58ని వదలాలా?

ఆదివారం గంటలో ఈ ప్రశ్నలు వేసుకోవాలి. ఈ లక్ష్యం కోసం చెల్లిస్తున్న ధర, మొదటి కాగితం మీద రాసినవాటిలో దేన్నైనా పాడుచేస్తోందా? మూడు నెలలుగా అన్నీ చేస్తూ కూడా కదలడం లేదా, లేక చేయడమే ఆగిందా? దీన్ని వదిలితే రేపు పొద్దున నేను చేసే పని ఏమిటి?

చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే అది సర్దుబాటు కాదు, మానేయడం. కెనడాలోని కాంకోర్డియా విశ్వవిద్యాలయానికి చెందిన కార్స్టెన్ రోష్ 2003 నుంచి తన సహచరులతో కలిసి చేస్తున్న పరిశోధనలో చాలా భాగం దీని చుట్టూనే తిరుగుతుంది. అందని లక్ష్యం నుంచి బయటపడగలగడం ఒక శక్తి. అర్థమున్న కొత్త లక్ష్యాన్ని పట్టుకోగలగడం ఇంకో శక్తి. ఈ రెండూ ఉన్నవాళ్ల మనసు కుదుటగా ఉంటుందని వాళ్లు చూశారు. మన ఇళ్లలో మొదటిది మాత్రమే జరుగుతుంది. "వయసైపోయింది, ఇక ఇంతేలే" అంటారు, చేతిలోకి కొత్తది ఏదీ రాదు.

అందుకే ఒకే కాగితం మీద రెండూ రాయండి. ఎడమవైపు వదులుతున్నది, కుడివైపు పట్టుకుంటున్నది. లక్ష్మి ఎడమవైపు "58 కిలోలు, పెళ్లి బ్లౌజు" అని రాసింది. కుడివైపు "74 నుంచి 77 మధ్య ఏడాది పాటు. వారానికి రెండుసార్లు బరువులతో వ్యాయామం. కింద కూర్చుని చేయి ఆనించకుండా లేవడం" అని రాసింది. చీరకు కొత్త బ్లౌజు కుట్టించుకుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. కొత్త బ్లౌజు కుట్టించడం వాయిదా వేసినంతకాలం ఆ చీర బీరువాలో ఉండి రోజూ ఒక మాట అంటూనే ఉంటుంది.

బాధ కలుగుతుంది. కలగనివ్వండి. ఇరవై ఏళ్లనాటి ఒళ్లు తిరిగి వస్తుందన్న ఆశ పోవడం నిజమైన నష్టమే. ఒకటి రెండు వారాలు మనసు బరువుగా ఉంటే వెంటనే ఆ అంకెను మళ్లీ ఎత్తుకోకండి. వచ్చే ఆదివారం గంటదాకా ఆగండి.

8. ఇంట్లో చెప్పడం

లక్ష్యం మన ఒక్కరిదే అయినా అందరూ దాని గురించి మాట్లాడతారు. తగ్గితే "ఏంటే ఇలా చిక్కిపోయావ్, ఒంట్లో బాగుండట్లేదా?" అంటారు. తగ్గకపోతే "అంత నడుస్తున్నావు కదా, ఏదీ?" అంటారు. కాబట్టి బయటివాళ్లకు బరువు అంకె చెప్పకండి, పని చెప్పండి. "ఎంత తగ్గావు వదినా?" అంటే "షుగర్ మామూలుకొచ్చింది, మెట్లు హాయిగా ఎక్కుతున్నా" అని చాలు. అంకె చెప్పారంటే వాళ్లు గుర్తుపెట్టుకుంటారు, మీరు మార్చుకున్నాక కూడా పాతదే అడుగుతారు.

వడ్డించేవాళ్లతో వాదన వద్దు. "అత్తయ్యా, అరిసె బాగా కుదిరింది, ఇంకోటి రేపు పొద్దున తింటా, దాచిపెట్టండి" అంటే ప్రేమా నిలుస్తుంది, పళ్లెమూ నిలుస్తుంది.

ఇంట్లో ఒక్కరికి మాత్రం కాగితం చూపించండి. లక్ష్యం మారిందని, ఎందుకు మారిందని తెలిసినవాళ్లు ఒకరు ఉంటే, రేపు మీరే తడబడినప్పుడు గుర్తుచేస్తారు.

9. ఇంజెక్షన్లు వాడుతుంటే

2025లో మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి అధికారికంగా వచ్చాక లక్ష్యాల లెక్క మారింది. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గినట్టు 2021లో వచ్చిన పరీక్ష చూపించింది. అదే పరీక్షకు కొనసాగింపులో, మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అందువల్ల "ఎంత తగ్గుతాను" అన్న ప్రశ్న పక్కన "ఎంతకాలం వాడతాను, ఆపాక నా పరిధి ఏమిటి, కండ తగ్గకుండా ఏం చేస్తాను" అన్నవి మొదటిరోజే డాక్టర్‌తో మాట్లాడి రాసుకోవాలి. మందుల షాపులో అడిగి సొంతంగా మొదలుపెట్టడం ప్రమాదకరం.

10. లక్ష్యాన్ని అక్కడికక్కడ ఆపేయాల్సిన గుర్తులు

వీటికి ఆదివారం దాకా ఆగక్కర్లేదు. తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, దొంగచాటుగా తినడం, నలుగురిలో తినాలంటే భయం, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరగడం, రోజంతా బరువు తప్ప వేరే ఆలోచన లేకపోవడం. ఇవి కనిపిస్తే బరువు లక్ష్యాన్ని పూర్తిగా పక్కన పెట్టి డాక్టర్‌ను, మానసిక వైద్యుడిని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి తగ్గించేముందే మోతాదు గురించి డాక్టర్‌ను అడగాలి, లేకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే లక్ష్యాన్ని సొంతంగా పెట్టుకోకూడదు.

11. చేరాక కూడా లక్ష్యం మారాలి

తగ్గించడం పూర్తయ్యాక నోట్‌బుక్ మూసేస్తే తగ్గిన బరువును కాపాడేది ఏదీ ఉండదు. ఇప్పుడు పరిధికి ఒక పై గీత కావాలి. లక్ష్మి గీత 78. ఒక్కరోజు దాటితే ఏమీ చేయదు. రెండు వారాల సగటులు వరసగా దాటితే ఏం చేయాలో ముందే రాసి ఉంది: రాత్రి అన్నం ఒక గరిటె, నడక వారానికి 5 రోజులు, నూనె 4 ప్యాకెట్లు, సగటు 77 కిందికి వచ్చేదాకా. ఆరు నెలలకోసారి ఈ గీతనూ చూసుకోవాలి. మోకాలికి ఆపరేషన్ అయినా, మెనోపాజ్ వచ్చినా, ఉద్యోగం మారినా అది ఒక కిలో పైకి జరగవచ్చు. జరిపితే పక్కన తేదీ, కారణం రాయాలి. కారణం రాయడానికి చేయి రాకపోతే గీతను అక్కడే ఉంచాలి.